ఆటలమ్మ ఉన్న ఇల్లు

సూరత్, పాండేసర. గుమ్మానికి వేపమండలు కట్టిన ఇంట్లో వెంకటవ్వ, నాలుగో నెల కడుపుతో ఉన్న ఆమె కూతురు నవత.

“నెగెటివ్ అంటే మంచిదే గదనే? కరోనాల అందరు నెగెటివ్ రావాలెనని మొక్కుకున్నరు.”

“గిది కరోనా టెస్టు గాదమ్మా! ఎన్నిసార్లు చెప్పాలె? ఆటలమ్మను ఆపే బలం నా నెత్తుర్ల లేదని అర్థం. నాకు ఎన్నడూ పోయలేదన్నట్టు.”

“పోసింది. చిన్నప్పుడు పోసింది.”

“ఎప్పుడు?”

“చిన్నప్పుడంటే చిన్నప్పుడే. గవన్ని యాదికుంటయా?”

“ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.”

“భుజం మీద గంత మచ్చ కనవడ్తలేదా?”

“అది టీబీ టీకా మచ్చ. అమ్మా, మిల్లు గేటుకాడ వాచ్‌మన్ ఉంటడు గద. దొంగను ఒక్కసారి చూసిండంటే మళ్ల గేటు దాటనియ్యడు. మన ఒంట్ల గూడ గసొంటోళ్లు ఉంటరు. టీకా అంటే దొంగ ఫోటో ముందుగాలనే చూపెట్టుడు. టీబీ ఫోటో చూపెట్టి ఆటలమ్మను పట్టమంటే ఎట్ల పడ్తరు?”

“అమ్మవారిని దొంగ అంటవా? చెంపలేసుకో.”

“అబ్బా…”

“ముందు చెంపలేసుకో.”

“ఏసుకున్న. ఇగ జరుగు. దవాఖానకు పోవాలె.”

“పొక్కులు మాడి మూడు నీళ్లు పోసేదాక ఈ ఇంట్లకెళ్లి ఎవ్వలు గడప దాటొద్దు. తమ్ముని బిడ్డ ఆటలమ్మ పోసి గట్ల పండుకొని ఉంటే నీకు దవాఖాన కావాల్నా?”

“ఆ పోరి గురించే గద! మొన్న డుమస్ బీచికి పోయినప్పుడు వచ్చేదాక నా ఒళ్లెనే పండుకున్నది. తెల్లారి పొక్కులు లేచినయ్. దవాఖానల డాక్టరమ్మ, గా బెన్, సూది తెప్పించి పెట్టింది. టీకా గాదు, ఆటలమ్మను ఆపే బలం తయారుగ ఉన్న సూది. ఎంత జల్ది ఏస్తే అంత మంచిదంట.”

“సూదులకు అమ్మ లొంగుతదా?”

“పెద్దమ్మ, గదే మశూచి, లొంగలేదా? ఊర్లకు ఊర్లు తుడిచిపెట్టిన తల్లి ఇప్పుడు ఏది? ఎవ్వలికన్న పోస్తున్నదా?”

“కోపం తగ్గింది, పోయింది.”

“కోపం తగ్గలే, టీకాతోని పోయింది. ఎనుకట మన దేశంల గూడ పొక్కుల చీము తీసి చేతి మీద గీకేటోళ్లు. జరంత వచ్చి పోయేది, మళ్ల రాకపోయేది. కొందరు సచ్చేటోళ్లు గూడ. ఇంగ్లండుల ఒక డాక్టరు చూసిండు, ఆవు పొదుగు మీది పొక్కులు అంటినోళ్లకు పెద్దమ్మ వస్తలేదని…”

“ఆవు? గోమాతనే గద మరి కాపాడింది!”

“నా తలకాయ కాపాడింది! క్లాసుల అరవైమంది పోరగాండ్లకు గిదే పాఠం చెప్త. వాళ్లకు సమజైతది. నీకెందుకు కాదే?”

“వాళ్లకేం పోతది, పాఠమేనాయె. నాకు పోయింది.”

“ఏం పోయింది?”

“ఏం లేదు. కూసో. అంబలి తాగుతవా?”

“అమ్మా. ఏం పోయింది?”

“…నీ తమ్ముడు శివకృష్ణ కడుపుల ఉన్నప్పుడు నాకు పోసింది. గిట్లనే, నాలుగో నెల. జరం తాళలేక దొంగసాటుగ దవాఖానకు పోయిన. గోలీ మింగిన. వాడు పుట్టినప్పుడు చూస్తే కుడి చెయ్యి కట్టెపుల్ల లెక్క ఉన్నది. అమ్మ కోపం నా మీద చూపలే, వాని మీద చూపింది. నువ్వు సుత గదే జేస్తవా?”

“అయ్యో… గిన్నేండ్లు గిది చెప్పలేదేందే?”

“ఏమని చెప్పాలె?”

“అది గోలీతోని గాదమ్మా. మొదటి ఐదు నెలలల్ల తల్లికి ఆటలమ్మ వస్తే కొందరు పిల్లలకు కాలో చెయ్యో ఎదగదంట. పొద్దున ఫోన్ల డాక్టర్ బెన్ గిదే చెప్పింది. గందుకే గద నాకు భయం!”

“గోలీ మింగకపోయినా?”

“మింగకపోయినా.”

“దవాఖానకు పోకపోయినా?”

“పోకపోయినా. నీ తప్పేం లేదు.”

“మీ నాయిన సచ్చేదాక అన్నడు, కొడుకు చెయ్యి తిన్నవని.”

“ఏడువకే… నువ్వు గిట్ల చేస్తే నేనెట్ల పోవాలె?”

“ఒక్కదానివి ఎందుకు పోతవు? పోరి కాడ దాని తల్లి ప్రమీల ఉంటది. నేను సుత వస్త.”

“గడప?”

“నడువు అంటున్న గద! శివకృష్ణకు ఫోన్ జెయ్యి. మగ్గం బంద్ చేసి సీదా దవాఖానకు రమ్మను. ఆ డాక్టర్ బెన్‌ను గీ మాట వాని ముంగట ఇంకొక్కసారి చెప్పమను.”