మోగని కాగు

మర్గిలాన్ ఊళ్లో వసంతకాలపు కొత్త ఏడాది పండుగ నవ్‌రూజ్ పొద్దున. మొలకెత్తిన గోధుమలతో రాత్రంతా ఉడికిన సుమలక్ అనే తీపి జావ కాగు పక్కన ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలు తుడుస్తున్నారు.

"మా అత్తకి సూదిలో దారం కనబడదు గానీ, నిన్నగాక మొన్న వీధిలోకొచ్చిన ఆ పిల్ల ఓయ్‌దిన్ పనితనం మాత్రం గుమ్మంలోంచే కనబడింది. ఏటా నేను కలిపే గరిటె ఈసారి దానికిచ్చింది."

"అడుగంటకుండా కాగులో రాళ్లు వేసే పని నీకిచ్చిందిగా, వదినా."

"అదీ ఒక పనేనా? ఇంతకీ అడుగంటిందా?"

"లేదు. తెల్లారేదాకా ఆ పిల్ల గరిటె వదిలితేగా. చేతులు బొబ్బలెక్కాయి."

"మెప్పు కోసం."

"మెప్పా? రాయి దొరికితే కోరిక తీరుతుందని ముసలమ్మలంతా గిన్నెలు వెతుక్కున్నారు. ఒక్కరికీ దొరకలేదు. మీ అత్త నిలదీస్తే, ఓయ్‌దిన్ నీ గురించి, 'అక్క రాళ్లు వేసింది, నేనే తీసేశాను' అంది. ఇప్పటికీ తిట్లు తింటోంది."

"అలా ఎందుకంది?"

"ఏమో. రాళ్లున్న కాగు కలిపేటప్పుడు మోగుతుంది, వదినా. రాత్రంతా ఇది మోగలేదు."

వదిన లేచింది. జేబులో రాళ్లు గలగలమన్నాయి.

"అత్తయ్యా, ఆ పిల్లని తిట్టకండి. రాళ్లు వేయనిది నేనే. మాడితే గరిటె మళ్లీ నాకే వస్తుందనుకున్నా. తప్పు నాది."