జ్యూస్ కొట్టు బోర్డు మూల సంతకం

ఒక్క నిమిషం ఆగి వినండి! మెక్సికో సిటీలోని పోర్తాలెస్ మార్కెట్లో, డోన్యా ఎలోడియా జ్యూస్ కొట్టుకి కొత్త బోర్డు ఆనించి ఉంది. దాని ముందు, కుడిచేతికి కట్టుతో బోర్డులు రాసే పెద్దాయన. పక్కన కూతురు. ఆయన సంతకం పెడితే ఈ మార్కెట్లో ఆ అక్షరాల్ని ఒప్పుకున్నట్టే.

"నేను రాయని బోర్డుకి నా సంతకమేంటే?"

"అక్షరాలు నీవే కదా నాన్నా! నీ పాత బోర్డులన్నీ ఫొటోలు తీసి, ఒక్కొక్కటీ గీసి, కంప్యూటర్లో ఫాంట్ చేశా."

"ఆ 'g' అక్షరం పొట్టేంటి, అచ్చం నా పొట్టలా ఉంది?"

"వీధి అవతలికి కూడా కనబడాలంటే లావుగా ఉండాలని నువ్వేగా అన్నావు!"

"అక్షరాలన్నీ చేతులు పట్టుకుని నడుస్తున్నాయే! కుంచె ఎత్తినట్టే లేదు. అది పట్టుబడ్డానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది, తెలుసా?"

"నాకు రెండేళ్లు పట్టింది. ఇక పెట్టు సంతకం."

ఆయన ఎడమచేత్తో కుంచె అందుకున్నాడు.

"వంకరపోయినా పర్లేదు నాన్నా."

"పోతే పోనీ. రాస్తోంది నీ పేరే."

"అయ్యో, అక్షరాలు నీవి!"

"గీసింది నువ్వు. కదలకుండా బోర్డు పట్టుకో."

మీరైతే ఏం చేస్తారు, బోర్డు పట్టుకుంటారా, కుంచె లాక్కుంటారా?