లాభం తర్వాత రెండు

హలో… ఆ, నేనే. గంగప్పనే. హిందూపురం మండీలో శెనక్కాయలు కొలిచే మీ తాతనేప్పా. ఎవురనుకుంటివి, బెంగుళూరు దివానా?

…చెప్పు జయరాముడా. మెల్లగా. పొద్దున్నుంచి వంగి కొలిచి నడుము పోయింది. చెవులు కూడా అలిసినట్టుండాయి.

—ఇంటికొస్తావా? యాలబ్బా?… కంప్యూటర్ తప్పు చెప్తే నువ్వు బెంగుళూరు ఇడిసి రైలెక్కేదేంది?

…ఊఁ. నాలుగ్గంటలకు కడసారి ఆ లెక్క నడిపి చూస్తారా. అప్పుడూ తప్పొస్తే పనిలోంచి తీసేస్తారా…

ఏడవొద్దు. ట్రంకాల్‌లో ఏడిస్తే మూడు నిమిషాలు ఉత్తిగనే పోతాయి.

ఏం లెక్కది?… పన్నెండు నెలల వాన కూడేది. పదకొండు నెలలదే వస్తాండాదా. యా నెల తప్పిపోయె?… జూనా! ఈయేడు మనకూ జూన్ వాన రాల్యా. నీ యంత్రానికి మన పక్క సంగతి తెలిసినట్టుండాదే.

…సరే, నవ్వకు పో. రాసింది చదువు.

…ఎన్ సమానం ఎన్ ప్లస్ ఒకటి. ఇదేం కతప్పా? నేను నాకంటే ఒకేడు పెద్దోన్ని ఎట్లయితా?…

ఓ… ఉండే లెక్కకు ఒకటి చేర్చి, మళ్ళా దానికి అదే పేరు పెట్టేదా. అట్ల చెప్పు! నలభై ఏండ్లుగా నేను చేస్తాండేది అదే.

మొదట ఎన్ ఎంత?… ఒకటి. అంటే జూన్, వానల లెక్క ఆణ్నుంచే కదా. ఆమీట?… ఒకటి చేర్చేది. ఆమీట వాన కూడేది—

ఆగు. మళ్ళా చెప్పు. చేర్చినాక కూడేదా?

…జయరాముడా, కొలిచేటప్పుడు ఒకటి అనకుండా నేనేమంటా?… ఆ, లాభం. మా తాత రొద్దం ఊర్లో కొలస్తా లాభం అని అరిస్తే, పెనుకొండ కొండ రెండు అని పలుకుతాండె.

…నిజమేరా! కానీ లాభం అని, కొలిచే పడిలో కాయలు బస్తాలో పోసినాకనే రెండు అనేది. నువ్వు లాభం అని నోటితో అనేసి, పొయ్యకుండానే రెండు అంటాండావు. నీ జూన్ పడిలోనే నిల్చిపోయె.

కడాకు ఏం కూడినాది?… పదమూడోదా! అధికమాసం అనుకున్న్యాదేమో, పాపం. …సున్నానే ఉంటాది మరి, ఆడ ఇంకేముంటాది.

కంప్యూటర్‌కు చెప్పే ఒక్కో మాటకు ఒక్కో అట్ట అంటివి కదా, తూట్లు పొడిచి?… అయితే కొత్తగా పొడిచే పనే ల్యా. చేర్చే అట్టను తీసి, కూడే అట్ట కిందికి పెట్టు. అంతే.

…ఏం, నమ్మకం ల్యాదా? నీ చదువు మీద నాకు ల్యా, నా పడి మీద ఉండాది.

టైమెంత ఆడ?… మూడుంబావా?… ఓ, మూడుముప్పావు! ఇంకా నిల్చుకున్న్యావా? పరిగెత్తు! ఆ రైలు సంగతి—

హలో?… హలో?…

పెట్టేసినాడు. మంచిదాయ.

ఇదో రంగప్పా, నీ ఫోను. …ఏమా? యాడిదాకా కొలిచినామో, లెక్క రాసే నువ్వూ మరిచిపోతివా?

…సరే. కుమ్మరించు, ఆ బస్తా. మొదట్నుంచి.

లాభం…