పసుపు పెట్టని పచ్చబొట్టు

హలో… ఆ, నేనే. గోపమ్మను. మీ అక్కను.

…

ఇనవడుతాందా, రామచంద్రం? గిది పట్టుకునుడు నాకు తెల్వది. నర్సమ్మ చెవుకు పెట్టి పోయింది. జర గట్టిగ మాట్లాడు.

…

అంత గట్టిగ గాదు. చెవు గుయ్యిమన్నది.

…

ఊరి నుంచి గాదు. మా ఊర్ల ఫోనేడిది? మిషన్ దవాఖాన నుంచి. డాక్టరమ్మ గదిల నిలవడ్డ. మీ నల్లగొండ కచేరి నంబరు జానమ్మ పుస్తకంల రాసి ఉండె. గది చూపెడితె కలిపిచ్చిన్రు.

…

మీ బావ మంచిగనే ఉన్నడు. మందతోని నల్లమలకు పోయి ఇరవై దినాలాయె. ఆయనకు కబురు వోవాల్నంటె నాలుగు దినాలు. ఇంట్ల మగోల్లకు ఎవలికన్న చెప్పుకోపో అన్నది డాక్టరమ్మ. ఎందుకన్నది గా మాట?

…

జానమ్మకు, తమ్ముడా. నా బిడ్డకు. చెయ్యి వాచింది. మోచెయ్యి దాంక వాచింది. ఒళ్లు పెనం లెక్క కాలుతాంది.

…

నిన్న బండి గట్టి అచ్చంపేట దాంక వచ్చి, ఆడ బస్సెక్కినం. దారి పొడుగూత నా భుజం మీదనే ఒరిగింది. ఒక్క మాట మాట్లాడలే. ఊకెనే వాగే పిల్ల అది, నీకెరికె గద… నాకు బుగులైతాంది, రామచంద్రం.

…

పొద్దున కోసి చీము తీసిన్రు. పెన్సిలిన్ సూదులిస్తున్నరు. చెయ్యి ఉంటదా అని అడిగిన. మల్లొకపారి చూసి చెప్త అన్నది డాక్టరమ్మ. ఉంటది అని ఒక్క మాట ఎందుకు అనది?

…

ముల్లు గాదు. పురుగూ గాదు.

…

పచ్చబొట్టు.

…

ఆ, గదే. కుడి చెయ్యికి మన కులదేవుడు బీరప్ప పేరు పొడిపిచ్చిన. మొన్న బేస్తారం.

…

అందరు పొడిపిచ్చుకుంటరు. నాకు లేవా, అవ్వకు లేవా. జెప్తా, ఆగు. మొదటి నుంచి జెప్తె గాని నీకు సమజ్ గాదు.

పోయినేడు అవ్వకు కాళ్లు వాస్తె గీ దవాఖానల్నే నెల దినాలు ఉంచితిమి గద. జానమ్మనే తోడున్నది. ఊకె కూసునే పిల్లనా అది? సూదులు ఉడకవెట్టుడు, పట్టీలు గట్టుడు అన్ని చూసి నేర్చింది. గీ డాక్టరమ్మ, లీలమ్మ, కన్నేసింది. ఎనిమిది పాసైన పిల్ల, చెయ్యి సాఫ్ ఉన్నది, మా చదువుకు పంపు అన్నది.

…

రెండు తీర్ల చదువు జెప్పింది. ఒకటి మంత్రసాని పని, ఆరు నెలలు. మా పక్క ఊర్ల వాళ్ల చిన్న దవాఖాన ఉన్నది, ఆడనే. పొద్దుగూకంగ ఇంటికొస్తది. రెండోది నర్సు చదువు. మూడేండ్లు, ఈడనే హాస్టల్ల ఉండాలె. గా చదువుకు ముందుగాల నలభై దినాల క్యాంపు. కిష్ణ ఒడ్డున ఏడనో డేరాలేస్తరట. పొద్దుగాల పాటలు, బైబిలు. పగటీలి పాఠాలు.

…

పిల్ల రెండోదే అన్నది. నేను మొదటిదే అన్న. వారం దినాలు అన్నం ముట్టలే… అది గాదు, నేను. అది మంచిగనే తిన్నది. పేరు రెండోదానికే రాయిచ్చుకున్నది.

…

నీకు నవ్వొస్తాంది. మన కులపోడు పెద్దులు బిడ్డ సంగతి మర్శినవా? పుష్పమ్మ. గసొంటి క్యాంపుకే పోయి బాప్తిస్మం తీసుకోనొచ్చె. మంచి పిల్ల, ఎవల్నీ ఒక్క మాట అనది, నేను కాదంటలేను. కాని పిల్ల కులం తప్పిందని పెద్దులు గొర్లను మందల కలపనియ్యకపోయిరి మనోల్లు. ఒక్కడే తోలుకోని పోయిండు అడవికి. తోడుకు మనిషి లేడు, కావలికి కుక్క లేదు. అడవి రేసుకుక్కలు గొర్ల మీద పడ్డయి. వాపస్ వచ్చెటప్పటికి చేతుల కట్టె తప్ప ఏం మిగల్లే ఆయనకు. మాకు గా గొర్లు తప్ప ఏమున్నది చెప్పు?

…

గందుకే. మందల కలిపేముందు గొర్రెపిల్లకు చెవు కోస్తం గద. ఎవల మందల పడ్డా మనదని తెలుస్తది. గట్లనే, చెయ్యి మీద బీరప్ప పేరుంటె ఎన్ని పాటలు పాడినా మన పిల్ల మనదే అని…

…

ఆ, తప్పేం లేదు. నేను గూడ అందరికి గట్లనే జెప్పిన.

…

డాక్టరమ్మకు నేనేం జెప్పలే. పిల్లనే జెప్పింది. 'నాకు నేనే పొడిపిచ్చుకున్న, మా అమ్మకు తెల్వది' అన్నది. నా దిక్కు చూడకుంట అన్నది.

…

కోపానికొచ్చింది డాక్టరమ్మ. రాదా మరి? 'మురికి సూదికి చెయ్యి ఇచ్చినవ్, వాచినంక దాసుకున్నవ్. రేపు రోగులను నీ చేతుల ఎట్ల పెట్టాలె' అన్నది. నర్సు చదువు కాయిదం తీసి దాని పేరు కొట్టేసింది. గీ బల్ల మీదనే ఉన్నది కాయిదం. నాకు చదువ రాదు గని, కొట్టేసిన గీత కనవడుతాంది. నయమైతె ఆరు నెలల పనికి రా, మీ అమ్మ గూడ గదే అడుగుతుండె గద అన్నది.

…

ఆ. నేను కోరిందే అయింది.

…

నువ్వు గట్లనే అంటవని తెలుసు. నీ కొడుకు బీరన్నకు చేసుకుందామని నీకున్నది. నాకూ ఉన్నది, కాదనను. కాని సంబురం అయితలేదు, తమ్ముడా. అసలుది ఇంక జెప్పలే నీకు.

…

ఎవ్వరు లేరు ఈడ. డాక్టరమ్మ వార్డుల ఉన్నది.

సోమారం పిల్లల ఒళ్లు చూస్తమని రాసిన్రు ముందుగాల ఇంటికి పంపిన కాయిదంల. క్యాంపుకు పోయేటోల్లకు. పుండ్లున్నోల్లను, గజ్జి ఉన్నోల్లను వాపస్ పంపుతరట. ఇయ్యాల్నే సోమారం. బయట వరండల పిల్లలు వరుస గట్టి నిలవడ్డరు, జడలేసుకోని. గా కాయిదం జానమ్మనే చదివి ఇనిపిచ్చింది నాకు. నవ్వుకుంట. నాకేం పుండ్లున్నయే అమ్మా అని.

…

గది ఇన్నంకనే నాకు పచ్చబొట్టు యాదికొచ్చింది. బీరప్ప తర్వాత యాదికొచ్చిండు.

…

పొడిచినామె పసుపు పెట్టబోయింది. అందరికి పెడతది గద. నేనొద్దన్న. ఇంట్ల పెడత తియ్యి అన్న. పెట్టలే. మర్నాడు ఆరతాంటె తడి గుడ్డ గట్టిన. నాలుగు దినాలు పచ్చిగ ఉంటె సాలు, సోమారం దాటితె సాలు అనుకున్న. నాలుగు దినాల పుండు, అంతే. గింత అయితదని… నా చేతులు ఇరగ. గింత అయితదని నాకేమెరుక?

—

ఉన్న. ఈడనే ఉన్న.

…

దానికి తెలుసు. ఎందుకు తెల్వది? శనివారం దానంతట అదే పసుపు గిన్నె తెచ్చుకున్నది. నేను గుంజుకున్న. నా ముఖం చూసింది. చాన సేపు చూసింది. మల్ల అడగలే.

—

ఎవలమ్మా నడిమిట్ల, ఫోను కలిపినామెవా? … మూడు నిమిషాలయినయా? కానియ్యి తల్లి, ఇంకో మూడు రాసుకో. డాక్టరమ్మ మాట్లాడమన్నది. రామచంద్రం, ఉన్నవా?

…

ఊకోమంటవ్. ఊకుంటె నాకు మంచిదే. బిడ్డ ఇంట్ల ఉంటది, గొర్లు మందల ఉంటయి. నీ బీరన్నకు పెండ్లాం ఉంటది. కాని చెయ్యి పోతె? చెయ్యి లేని పిల్లను చేసుకుంటవా నీ కొడుక్కు?

…

ఏమన్నవ్? ఇనవడలే.

…

సరె. నువ్వేం అనలే. ఇడువు.

…

కోపం గాదు. నేను చేసినదానికి నిన్నేం అంటా? నాకు బుగులున్నది, గంతే. జెప్తె డాక్టరమ్మ నన్ను ఎల్లగొడితె ఎట్ల? బిడ్డకు నీళ్లు ఎవలు తాపాలె? పోలీసులను పిలిస్తె? బావకు తెలిస్తె కొడతడు, కొట్టనీ, గందుకు నాకు బుగులు లేదు. జెప్పకపోతె… గింతకుముందు దానికి జర తెలివొచ్చింది. నర్సమ్మను అడిగింది. చెయ్యి సంగతి అడగలే, తమ్ముడా. క్యాంపు ఏ దినం మొదలైతది అని అడిగింది. పేరు కొట్టేసిన సంగతి జరంల మర్శిపోయింది. నర్సమ్మ నా దిక్కు చూసింది. నేను కిటికీ దిక్కు చూసిన.

…

కుల పంచాయితికి నేను జవాబిస్తా. గొర్లను కలపనియ్యకపోతె మీ బావెంబడి నేను పోత అడవికి. పోతగని, నాకు మాత్రం పానం తీపి లేదా? అడవంటె భయం లేదా? ఉన్నది. అన్నిటికీ భయమున్నది నాకు. దాని ముఖం చూడాల్నంటె అన్నిటికంటె భయమైతాంది.

…

ఆగు. వస్తాంది. డాక్టరమ్మ వస్తాంది.

…

పెట్టెయ్యకు. ఏం మాట్లాడకు గని లైను మీదనే ఉండు. నువ్వు ఇంటున్నవంటె నాకు జర ధైర్యం. దీన్ని బల్ల మీద పెడుతున్న.

—

డాక్టరమ్మా.

…

చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పకమ్మా. ముందుగాల నా మాట ఇను. చెయ్యి మంచిగైతదని నువ్వంటె మల్ల నేను జెప్పను. నా సంగతి నాకెరికె.

…

జానమ్మ నీతోని అబద్ధం ఆడింది. పొడిపిచ్చింది నేను. పసుపు పెట్టనియ్యంది నేను. పిల్ల తెచ్చుకుంటె గుంజుకున్నది గూడ నేను. దానికి పుండయితె నువ్వు వాపస్ పంపుతవని చేసిన. అది నన్ను కాపాడుతాందమ్మా, గంతే. మురికి దానిది గాదు.

…

తిట్టు. తర్వాత తిట్టు. ముందుగాల గా కాయిదం మీద దాని పేరు మల్ల రాయి. మూడేండ్లదే. క్యాంపుకు గూడ పంపుత. పిల్ల నాయిన అడవిల ఉన్నడు, నా వేలిముద్ర నడుస్తదంటె గిప్పుడే ఏస్తా. ఏడెయ్యాల్నో చూపెట్టు.

…

రాసినవా?

…

ఆ. ఇప్పుడు జెప్పమ్మా. చెయ్యి ఎట్లున్నది?