పిన్ని టేపూ, కంపెనీ పేటెంటూ

కాదు సార్, మానిటర్ బయట పెట్టి రమ్మంటే ఎలా? అదే కదండీ నా సాక్ష్యం! మెట్ల మీంచి మోసుకొచ్చేసరికి నడుం పడిపోయింది. కాస్త ఆ ఫైళ్లు జరపండి... హమ్మయ్య.

పేటెంటు మీద అభ్యంతరం చెప్పాలంటే ఈ గదికే వెళ్లమన్నారు కింద. అదేనండీ, వెబ్ పేజీని మామూలు కంప్యూటర్ ప్రోగ్రాంలా సొంత విండోలో చూపించే పద్ధతి. ఓ పెద్ద కంపెనీ అది తామే కనిపెట్టామంటే, మీరు పేటెంటు రాసిచ్చేశారు. వాళ్లేమో షాపులో ప్రోగ్రాం ఆపేయమని మా పిన్నికి నోటీసు పంపారు. మా పిన్నికి సార్! బట్టలు కుట్టుకునే మనిషికి!

ఆ ప్రోగ్రాం రాసింది నేనే. ఏం చదివానా? అబ్బే, ఏమీ లేదండీ. పిన్ని గుండీలు కుట్టమంటుంటే తప్పించుకోడానికి ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నా. కస్టమర్ల కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. ఆపితే మళ్లీ అందర్నీ పిలిచి చేతులు చాపమనాలి. పిన్ని ఏమందో తెలుసా? "ఒసే, ఈమధ్య లావైనవాళ్లు మళ్లీ కొలతలకి రారే. సిగ్గుపడి పక్కషాపుకి పోతారు" అంది. షాపు మూతే సార్!

అసలు మొదట్లో అది ఉత్త వెబ్ పేజీయే. పిన్ని చూసి గుండెలు బాదుకుంది. "పైన అడ్రసుందంటే ఇంటర్నెట్టే కదే! పోస్టుమాస్టర్ గారి భార్య నడుం కొలత లోకమంతా చూస్తుందా?" చూడదు పిన్నీ, మన కంప్యూటర్లోనే ఉంటుందన్నా. వింటేగా! అడ్రసు కనపడకూడదు, అంతే. దాన్ని తీసేసి సొంత విండోలో పెట్టడం తర్వాతెప్పుడో నేర్చుకున్నా గానీ, అప్పటికి నాకు చేతకాదు.

ఏం చేశాననుకున్నారు? ఇదిగో, చూడండి! పాత కొలతల టేపు కత్తిరించి, స్క్రీన్ పైభాగాన అడ్డంగా జిగురు పెట్టి అంటించేశా. అడ్రసు మాయం! పిన్ని కళ్లజోడు సర్దుకుని, "ఆఁ, ఇప్పుడిది ప్రోగ్రాం" అంది.

నవ్వకండి సార్. వాళ్ల పేటెంటులో ఉన్నదీ అదేగా? "వాడుకరికి బ్రౌజరు అంచులు కనబడకుండా చేయు విధానము." చేశానా, లేదా?

రుజువా? పిన్ని ఇంట్లోంచి షాపుకి మారిన రోజు ఫొటో. పిన్ని వెనకాల మానిటరూ, దాని మీద టేపూ. ఓ మూలన తేదీ కూడా పడింది. కంపెనీ దరఖాస్తు పెట్టింది ఆ తర్వాతే! ముందే ఎవరైనా చేసుంటే పేటెంటు చెల్లదని మీ గోడ మీద మీరే రాసుకున్నారు.

ఆఁ, నా అభ్యంతరం మీ కంప్యూటర్లోకి ఎక్కించండి, ఎక్కించండి... ఏంటి సార్, తెల్లబోయారు? ఓ, తెల్లబోయింది స్క్రీనా!

ఇటు తిప్పండి. "పేజీ దొరకలేదు." పేజీనా?

సార్... ఇది మీ ఆఫీసు ప్రోగ్రాం కదా, మధ్యలో పేజీ ఎక్కణ్ణుంచి వచ్చింది? బ్రౌజరులో పేజీని మళ్లీ తెప్పించే మీట, ఎఫ్ ఫైవ్, ఓసారి నొక్కండి. అదిగో, గిర్రున తిరిగి మళ్లీ అదే మాట! మీదీ వెబ్ పేజీయే సార్! అంచులు పీకేసి విండోలో కూర్చోబెట్టారు! కంపెనీని అడిగే చేశారా? ...అడగలేదూ!

అరవట్లేదండీ, నా గొంతే అంత. తలుపెందుకు వేశారు? భయపడకండి, ఎవరికీ చెప్పను. ముందు నా కాగితం మీద ముద్ర వేయండి. ఇంకాస్త గట్టిగా. ఆఁ, అలాగ.

నిజం చెప్పనా సార్? ఆ టేపు అంటించేటప్పుడు నేనేదో కనిపెడుతున్నానని అస్సలనుకోలేదు. పిన్ని నోరు మూయిద్దామనుకున్నా, అంతే.

ఏంటీ, మరీ గొణుగుతున్నారు? టేపు మిగిలిందా అనా? ఆ "పేజీ" అన్న మాట మీదికా?

సంచిలో ఉంది సార్. ఎన్ని అంగుళాలు కావాలి?