అరవై అయిదు వేల తలుపులు

టీ కొట్టు బల్ల మీద లైబ్రరీ మేడమ్ కూర్చుందని చూసుకున్నాకే నల్లతెర మామయ్య గొంతు పెంచాడు. లైబ్రరీలో ఉన్న పది ముసలి కంప్యూటర్ల కాపలా పని ఎవరికి అప్పజెప్పాలో ఆవిడ ఇవాళే తేలుస్తుంది. ఆ పని దక్కకపోతే మామయ్య మళ్ళీ పగిలిన ఫోన్లకు అద్దాలు అతికించుకోవాల్సిందే.

"పోయిన నెల ఒక మిషన్ చూశానా, పోర్టులంటే ఏంటనుకున్నారు, కంప్యూటర్‌లోకి వచ్చిపోయే తలుపులు, దొంగలు దూరేదే అక్కడ. దాని వయసుకి కొత్త కాపలా ప్రోగ్రాములు ఎక్కవు, నల్లతెర మీద ఆజ్ఞలు టైపు చేయాల్సిందే. నేను మా ఇంట్లో మంచం మీద కూర్చునే లైబ్రరీలో ఉన్న ఆ మిషన్‌లోకి దూరి ఒక తలుపు మూశా."

"ఒక్కటేనా?" అంది టీ కొట్టావిడ పాలు కలుపుతూ.

ఆ మాట మామయ్యకు ముల్లులా గుచ్చుకుంది.

"ఒక్కటేంటమ్మాయ్! అరవై అయిదు వేలుంటాయి. టీ చల్లారేలోపు అన్నీ బిగించేశా. కీబోర్డు సెగలు కక్కితే మా ఆవిడ తడిగుడ్డ వేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపలికి రాలేక దొంగలంతా వైరులోనే ఇరుక్కుని, వైరు కొండచిలువలా ఉబ్బిపోయింది!"

"అమ్మో!" అంది టీ కొట్టావిడ.

"ఆగు, ఇంకా ఉంది. నా ఆజ్ఞ జోరుకి వీధిలో షట్టర్లన్నీ వాటంతటవే దిగిపోయాయి, మంగలాయన సగం గడ్డంతో ఉన్న మనిషిని కిటికీలోంచి దించాడు!"

మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి. పని దక్కినట్టేనని మామయ్య కాలు మీద కాలేసుకున్నాడు.

లైబ్రరీ ఊడ్చే అక్క చీపురుకట్ట చంకలో పెట్టుకుని గ్లాసు అందుకుంది.

"అన్నీ మూశాక నువ్వు దూరిన తలుపేమైంది తమ్ముడూ?"

మామయ్య గబగబా టీ గ్లాసు నోటికెత్తుకున్నాడు.

"అదీ మూసేసుకుని బయట ఉండిపోయావుగా! 'అక్కా, చీపురు పక్కన పెట్టి ఆ మిషన్ ముందు కూర్చో' అని ఫోన్ చేశావు. నువ్వు ఒక్కో అక్షరం చెప్తుంటే ఒంటి వేలితో కొట్టి తలుపు తీసింది నేనే. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలమని చెప్పడం నువ్వే మర్చిపోయి, తిరిగి నన్నే కసిరావు."

టీ కొట్టంతా గొల్లున నవ్వింది. మేడమ్ నవ్వాపుకుంటూ లేచింది.

"పది మిషన్లూ మీకే. కానీ మీరు తలుపులు మూస్తున్నంతసేపూ అక్క మిషన్ ముందే ఉండాలి."

"అదే చెప్పబోతున్నా మేడమ్! అంత పెద్ద పనికి ఇద్దరుండాలి!"

అక్క చీపురుకట్ట తీసి మామయ్య చేతిలో పెట్టింది.

"సరే. నేను కుర్చీలో ఉన్నంతసేపూ ఇది నీది."