నాలుగున్నర టికెట్టు

గ్రనాడా ఊళ్ళో కొండమీద, అల్హంబ్రా కోట టికెట్ల కిటికీ పక్కన కాస్త నీడ. మే నెల, మధ్యాహ్నం మూడున్నర, మాడు పగిలే ఎండ. పొద్దుట్నుంచి ఆరుసార్లు లేదనిపించుకున్న ముసలాయన యులోహియో, ఆఖరికి ఎదురింటి పిల్ల, గైడు రెమెదియోస్‌ని పట్టుకున్నాడు.

"లేవు బాబాయ్. లేవంటే లేవు. మూడు వారాల కిందటే అయిపోయాయి."

"కిటికీలో పిల్లదీ అదే పాట. ఆ గోడల మీద ఊడిపోయిన సున్నపు లతల నగిషీలు నలభై ఏళ్ళు అతికినవాణ్ణి, నాకు టికెట్టేంటమ్మా అంటే, తలెత్తకుండా 'ఆన్‌లైన్‌లో చూసుకోండి తాతగారూ' అంది."

"పనిచేసినన్నాళ్ళూ నీ పాసు నీకుండేది. రిటైరైన రోజున ఇచ్చేశావు. ఇప్పుడు అందరిలో నువ్వూ ఒకడివి."

"అందరిలో ఒకణ్ణే. అందుకే అడుగుతున్నా. నీ గుంపులో దూర్చెయ్."

"నా గుంపు ఐదింటికి. మొత్తం జపాన్ వాళ్ళు. వాళ్ళలో కలిసిపోతావా ఏంటి, ఆ మీసంతో?"

"ఐదు కాదు. నాలుగున్నరకి కావాలి."

"టికెట్టే లేదు మొర్రో అంటుంటే టైము కూడా చెబుతున్నాడు మహారాజు! రేపు రా. ఎవరో ఒకరు మానేస్తారు, చూద్దాం."

"రేపు కాదు. ఇవాళ. నాలుగున్నరకే."

"అంత ముంచుకొచ్చిందేంటి? అసలేంటీ వేషం? ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం... ఎవరినైనా పెళ్ళాడబోతున్నావా?"

"నోర్ముయ్. ఆ నీళ్ళ సీసా ఇటియ్యి."

"తాగు. తాగి చెప్పు."

"కొన్సువేలో వచ్చింది."

"మన కొన్సువేలోనా? నీ కూతురా? హాంబర్గ్ నుంచా!"

"పోయిన వారం దిగారు. మొగుడూ, పిల్లాడూ. హోటల్లో ఉన్నారు. పుట్టిన ఊళ్ళో హోటల్లో! రేపు తెల్లారే విమానం. ఇవాళ నాలుగున్నరకి లోపలి ప్యాలెస్‌కి టికెట్లు తీసుకున్నారట. మా మరదలు త్రినీ నోరు జారింది."

"త్రినీ పిన్ని నోటికి తాళం ఎప్పుడుంది గనక."

"ఆ ఒక్క ముక్కే జారింది. మిగతాది బతిమాలినా చెప్పదు. పిల్లాడి పేరు కూడా చెప్పదు, కొన్సువేలో ఒట్టు వేయించుకుందట. ఆరేళ్ళ మనవడు, రెమే. వాణ్ణి ఏమని పిలవాలో నాకు తెలీదు."

"ఏదో జర్మన్ పేరు పెట్టుంటార్లే."

"పెట్టనీ. ఏదైనా నా పేరు కంటే నయం. యులోహియో! ఈ ఊళ్ళో ఆ పేరుతో మా తాత ఒకడు, నేనొకణ్ణి. నాతో ఆఖరు. ఎవడు పెట్టుకుంటాడు ఈ రోజుల్లో."

"సరే, లోపలికెందుకు? ఇక్కడ గేటు దగ్గరే నిలబడొచ్చుగా?"

"గేటు దగ్గరైతే నన్ను చూడగానే వెనక్కి తిరిగి పోతుంది. లోపలైతే ఒకటే దారి, ముందుకి నడవాల్సిందే. మొహం మీద వేసెయ్యడానికి తలుపులు కూడా ఉండవు. నడిమి వాకిట్లో రాతి సింహాల ఫౌంటెన్ దగ్గర నిలబడతా."

"నిలబడి?"

"నిలబడతా. అంతే. చిన్నప్పుడు పని దగ్గరికి తీసుకొస్తే సింహాలు లెక్కపెట్టేది. పదమూడు అనేది. పన్నెండేగా తల్లీ అంటే నావైపు వేలు చూపించేది. అక్కడ నన్ను చూస్తే... ఒక్క నిమిషం దాని కాలు ఆగుతుందేమోనని."

"బాబాయ్, ఒకటి అడగనా? తిట్టకు."

"అడక్కు."

"అంగుస్తియాస్ పిన్ని పోయినప్పుడు కొన్సువేలోకి ఎందుకు ఫోన్ చెయ్యలేదు?"

"చేశాను."

"సమాధి చేశాక చేశావు."

"కడుపుతో ఉంది. ఏడో నెల. కంగారు పడుతుందని."

"ఆ మాట పేటంతా చెప్పావు."

"పేటంతా చెప్పా, నీకూ చెబుతున్నా."

"ఇక్కడ ఇవాళ పోయిన మనిషి రేపటికి మట్టిలో ఉంటుంది. ఒక్క రోజు ఆపమంటే ఆపేవాళ్ళు కదా. విమానమెక్కి వచ్చేది. అమ్మ మొహం చూసుకునేది."

"తెలుసు."

"తెలిసి మరి?"

"ఎండ బాగా ఎక్కువైంది ఇవాళ."

"బాబాయ్."

"వస్తే దాని ముందు ఏడవాల్సొస్తుందని, రెమే. అదీ సంగతి. దాన్ని గద్దించడమే తెలుసు నాకు, దాని ముందు కంటతడి పెట్టి ఎరగను. సిగ్గేసింది. తెల్లారి చేద్దాం, మధ్యాహ్నం చేద్దాం అనుకుంటుండగానే పెట్టె కిందికి దించేశారు. కడుపుతో ఉందనీ కాదు, కంగారు పడుతుందనీ కాదు. నా సిగ్గు కోసం దానికి వాళ్ళమ్మని చూపించలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. దానికి చెప్పాలి. చెప్పి, అది ఏమన్నా పడాలి. ఫోన్ ఎత్తదు, ఉత్తరం రాస్తే తిరిగొచ్చేస్తోంది. ఇంక ఈ నాలుగున్నర ఒక్కటే ఉంది నాకు. ఏం, నువ్వూ మొహం తిప్పేసుకున్నావు?"

"తిప్పుకోలేదు. ఫోన్ చేస్తున్నా, ఉండు. మా ఇంకో గైడు సెసిలియో గుంపు నాలుగున్నరకి... హలో, సెసిలియో? నేనే, రెమెదియోస్‌ని. నీ గుంపులో ఎవరైనా ఎగ్గొట్టారా? ఏంటీ, నిజమా? ముగ్గురా! లేదు లేదు, నాకొక్కటి చాలు. ఆ, పేర్లు పంపు, ఒకటి కొట్టేసి మా బాబాయ్ పేరు రాయిద్దాం. బతికించావు. పంపు, పంపు."

"దొరికిందా?"

"దొరికింది బాబాయ్!"

"ముగ్గురా? మూడు ఖాళీలా? చూశావా, మీ పిన్ని పైనుంచి చూస్తోంది! బతికున్నప్పుడూ అంతే, బాగా తిట్టి తిట్టి ఆఖర్న పని చేసిపెట్టేది."

"గుర్తింపు కార్డు తియ్యి. నంబరు కావాలి. చొక్కా పై గుండీ పెట్టుకో."

"ఉండు, ఏ జేబులో పెట్టానో... ఇదిగో. చొక్కా బానే ఉందా? త్రినీ ఇస్త్రీ చేసిపెట్టింది. మీ పిన్ని పోయాక నేనే చేసుకోబోయి రెండు చొక్కాలు కాల్చేశా."

"త్రినీ పిన్నా? ఎప్పుడు?"

"పొద్దున. 'మంగళవారం పూట తెల్ల చొక్కా ఎందుకు బావా' అంది. ఊరికే, కొండెక్కుతున్నా అన్నా. ఇస్త్రీ పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది పిచ్చిది. ఊ, రాసుకో, రెండు, నాలుగు, సున్నా..."

"బాబాయ్."

"మళ్ళీ చెప్పనా? రెండు, నాలుగు..."

"వద్దు. ఆగు."

"అదేంటి, పేర్లు వచ్చాయిగా? ఫోను మోగింది, నేను విన్నా."

"వచ్చాయి. ఇవి మనకొద్దులే. పద, ఎక్కడైనా కూర్చుని కాఫీ తాగుదాం."

"కాఫీనా? నాలుగవుతోంది! రాసుకోవేం?"

"వద్దులే బాబాయ్. నా మాట విను. పద."

"ఫోను అలా గుండెకి ఆనించుకున్నావేంటి? ఇటు చూపించు."

"కళ్ళజోడు తెచ్చుకోలేదుగా నువ్వు."

"తేలేదు. నువ్వే చదువు. ఎవరా ముగ్గురు?"

"ఎవరైతే ఏంటి ఇప్పుడు."

"రెమే. ఏ ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఆ ముగ్గురు?"

"హాంబర్గ్."

"అదేనా?"

"అదే. పన్నెండింటికి ఫోన్ చేసి మానుకుందని పేర్ల కింద రాశాడు సెసిలియో."

"ఎండకి భయపడి ఉంటుంది. పిల్లాడితో కదా."

"అయ్యుంటుంది."

"ఏమని చెప్పిందట?"

"సెసిలియోకి ఏం తెలుస్తుంది బాబాయ్."

"అబద్ధం చెప్పకు. నాలా అలవాటైపోతుంది. ఏమంది?"

"అక్కడికి మా నాన్న వస్తున్నాడని తెలిసింది, ఇంక మేం రాలేం అందట. బాబాయ్, ఇలా గట్టు మీద కూర్చో. కూర్చో ముందు."

"నలిగిన చొక్కాతో రావాల్సింది."

"నువ్వేం చేస్తావు దానికి."

"నలిగిన చొక్కాతో వచ్చేస్తే త్రినీ పసిగట్టేది కాదు, దానికి చెప్పేదీ కాదు. కూతుర్ని చూడబోతూ నీటుగా ఉండాలనుకున్నా. బుద్ధిలేని ముండావాణ్ణి. ఇప్పుడు టికెట్టు దొరికింది. ఎవరికోసం వెళ్ళను లోపలికి?"

"ఏడువు బాబాయ్. ఇక్కడెవరూ చూడరు."

"చూస్తే చూడనీ. చూడాల్సింది చూడట్లేదుగా. ఇంక ఎవరి దగ్గర సిగ్గు నాకు."

"హోటల్ పేరు కనుక్కుంటా. త్రినీ పిన్నిని నిలదీసి..."

"వద్దు. రానంది. అది రానందంటే రానన్నట్టే. దాన్ని ఇంకా తరమకు. నా దగ్గరే నేర్చుకుంది ఆ మొండితనం."

"పోనీ నేను ఇంటిదాకా వస్తా. నా గుంపుని ఇంకెవరికైనా అప్పజెబుతా."

"రెమే, పిల్లాడి టికెట్టు మీద పేరుంటుందిగా?"

"ఉంటుంది."

"చదువు. ఆ ఒక్కటి తెలుసుకుని పోతా. నోరు తిరగని జర్మన్ పేరైనా సరే, నేర్చుకుంటా. రాత్రి దణ్ణం పెట్టుకునేటప్పుడు పేరు పెట్టి అడగొచ్చు దేవుణ్ణి. చదువమ్మా."

"నా వల్ల కాదు బాబాయ్."

"కళ్ళు బానే ఉన్నాయిగా నీకు. ఏడుస్తావేంటి? చదువు."

"నీ చేతిలో కార్డుందే, దాని మీదున్న పేరే బాబాయ్. యులోహియో."